కమాను కట్టలూ, ఇరవై నాలుగు అంట్లూ

బయలుదేరే ముందు

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. మా ఆవిడైతే ఇంకో అడుగు ముందుకు వేసి, పాలవాడు పాలు కొలిచేటప్పుడే కాదు, గేదె పాలిచ్చేటప్పుడు కూడా నేను పక్కన నిలబడి చూస్తానంటుంది. అందులో అబద్ధం లేదు. మామిడి అంట్లు కట్టి అమ్ముకునే వాడికి కళ్ళు నాలుగువైపులా ఉండకపోతే పూట గడవదు. ఈ ప్రయాణంలో నేను ఎవరెవరిని అనుమానించానో దాచుకోకుండా రాస్తున్నాను, చదివి నవ్వుకోండి.

రేపల్లె దగ్గర మా ఊళ్ళో, మా బావిగట్టు మీద ఒక మామిడిచెట్టు ఉండేది. దాని జాతికి పేరు లేదు. కాయ చిన్నది, పీచు ఉండదు, టెంక తమలపాకంత పలచన. రెండేళ్ళ కిందట తుఫానుకు సముద్రం పొలాల మీదికి వచ్చినప్పుడు ఆ చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. కొమ్మల్లో పస ఆరకముందే రెమ్మలు కోసి, దొరికిన టెంకమొక్కలన్నిటికీ అంట్లు కట్టాను. ఇరవై ఎనిమిది బతికాయి. నాలుగింటిని మా దొడ్లోనే నాటాను. నేలకు పట్టిన ఉప్పు ఆకుల్ని అంచుల నుంచి మాడ్చుకుంటూ వచ్చి నాలుగింటినీ తినేసింది. మిగిలినవి ఇరవై నాలుగు. ఆ జాతి ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు కొండల మధ్య, అక్కడివాళ్ళు గట్లంటారు, మునస్వామి నాయుడు అనే రైతుకు తోట ఉంది. ఆయన ఒకసారి కొబ్బరి మొలకల కోసం మా ఊరు వచ్చి ఆ కాయ తిన్నాడు. తుఫాను సంగతి విని ఉత్తరం రాశాడు. ఎర్రనేల ఉంది, మంచినీళ్ళ బావి ఉంది, తెచ్చి నాటండి, మీ నేల బాగుపడ్డాక ఎన్ని రెమ్మలు కావాలంటే అన్ని కోసుకుపోండి అని దాని సారాంశం. ఊరికే ఇంత మంచి మాట ఎవరు రాస్తారు? ఆరు నెలలు ఆలోచించాను. ఆలోచిస్తూ కూర్చుంటే ఉన్న ఇరవై నాలుగూ పోయేటట్టున్నాయని బయలుదేరాను.

లారీకి వేస్తే పరాయి చేతుల్లో పడతాయని నా సొంత బండిలోనే ఎక్కించాను. మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పాత జీపు అది, వెనక తొట్టి కట్టించాను. ఒక్కో అంటు కుండీ, మట్టితో కలిపి పాతిక కిలోలుంటుంది. అసలు భయం బరువు గురించి కాదు. రెండేళ్ళ మొక్కకు అంటు అతికిన చోట ఇంకా పూర్తి బలం రాదు. గట్టి కుదుపు తగిలితే అక్కడే విరుగుతుంది.

నాయుడుపేట

రెండో రోజు పొద్దున్నే వెనక నుంచి టైరు కాలిన వాసన వచ్చింది. దిగి చూస్తే బండి వెనక భాగం కుక్క కూర్చున్నట్టు కూర్చుంది. చక్రం మడ్‌గార్డుకు రాసుకుంటోంది. నాయుడుపేట దాకా నడకలాగా నడిపించి, ఒక పూటకూళ్ళ హోటలు ముందు ఆపాను. భోజనం రెండు రూపాయలు. మా వైపు పచ్చడి లేకుండా అన్నం పెడితే గొడవైపోతుంది. ఇక్కడ సాంబారు ముందు పోసి, పచ్చడి అడిగితేనే వేశారు. అడగని వాళ్ళ పచ్చడి ఎటు పోతుందో కనిపెడదామనుకున్నాను కానీ బండి మీద నుంచి చూపు తిప్పడానికి ధైర్యం చాలలేదు.

పక్క బల్ల మీద తింటున్న లారీ డ్రైవరు చెయ్యి కడుక్కుని వచ్చి, అడక్కుండానే జీపు కింద దూరాడు.

"కమాను కట్టలు చచ్చిపోయుండాయ్. వంపే లేదు. తిరపతి దాకా ఎట్టనో పో. ఇట్టనే గట్టు దారి ఎక్కితే ఇరుసు చేతికొస్తది" అన్నాడు.

కమాను కట్టలంటే ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల దొంతర. విల్లులా వంపు తిరిగి ఉంటాయి కనుక ఆ పేరు. ఆ డ్రైవరు శ్రీహరికోటకు సామాను తోలతాడట. ఒక్కోసారి రోజంతా ఎద్దుబండి కంటే నెమ్మదిగా నడపాలని చెప్పాడు. ఏం సామాను అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అతను జీపు కింద నుంచి లేచాక బోల్టులన్నీ ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకున్నాను.

తిరుపతి

తిరుపతిలో మొదటి కష్టం గుండ్లు. వీధంతా గుండ్లే. మోసం చేసినవాడు అటు వెళ్ళి మొక్కు తీర్చుకుని ఇటు వస్తే ఎవరు గుర్తుపడతారు? కాఫీ మాత్రం ఒప్పుకోవాలి. నలభై పైసలకు మా రేపల్లెలో అలాంటి కాఫీ కలలో కూడా దొరకదు.

అలిపిరికి వెళ్ళే రోడ్డులో మెకానిక్కులు వరసగా ఉన్నారు. మొదటతను బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు.

"మూడు లారీ పట్టీలు కోసి కట్టలోకి ఎక్కించేస్తా స్వామీ. ఏనుగెక్కినా వంగదు."

నాలుగు కొట్లు దాటాక ఇంకొకతను పట్టీలతో పనే లేదన్నాడు. ఇరుసుకూ పైన ఫ్రేముకూ మధ్య లావుపాటి రబ్బరు దిమ్మలు పెడతాడట. గంటలో పని అయిపోతుందట. నేను ఎటూ తేల్చుకోలేక టీ కొట్టు దగ్గర నిలబడితే, ఇద్దరూ అక్కడికే వచ్చి ఒకే టీని రెండు గ్లాసుల్లో పంచుకుని తాగారు. ఇద్దరూ కూడబలుక్కున్నారని అప్పుడే నిశ్చయించుకున్నాను. మర్నాడు ఆలోచిస్తే, ఒక వీధిలో పని చేసుకునేవాళ్ళు టీ పంచుకోకుండా ఏం పంచుకుంటారని తోచింది.

అయినా మొదటతన్ని వదల్లేదు. నువ్వు ఇలా పట్టీలు ఎక్కించిన బండి ఒకటి చూపించమన్నాను. ఎదురుగానే ఒక జీపుంది. దాని తొట్టిలో నిండు చెంబు నీళ్ళు పెట్టి, వీధి చివరి దాకా నడపమని నేను వెనక కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి చెంబులో సగం నీళ్ళు లేవు, నా నడుము కూడా నా దగ్గర లేదు. రాళ్ళు మోసే బండికి ఆ పట్టీలు బంగారం లాంటివే. నా అంట్లకు మాత్రం అవి యముడు. రబ్బరు దిమ్మల సంగతి చూడకుండానే అర్థమైంది.

కొండ ఎక్కలేదు. మొక్కల్ని ఎవరికి అప్పగించి ఎక్కాలి? అలిపిరి దగ్గర నిలబడి, ఒక కన్ను బండి మీద ఉంచి, రెండో కంటితో దణ్ణం పెట్టుకున్నాను.

కాణిపాకం దగ్గర

చిత్తూరు దారిలో కాణిపాకం మలుపు దగ్గర బండిని నీడన ఆపి మొక్కలకు నీళ్ళు పోశాను. కొబ్బరికాయలు, కర్పూరం అమ్ముకునే ఒక పెద్దాయన తన కుండలో నీళ్ళు తెచ్చి సాయం పట్టాడు. గుడికి ఎందుకింత జనం వస్తున్నారని అడిగాను.

"దేవుణ్ణి సూసేదానికి కొందరు వస్తారు. ప్రమాణం సేసేదానికి కొందరు వస్తారు. కోనేట్లో మునిగి స్వామి ముందర అబద్దం సెప్తే వాని కత అంతేనప్పా. కోర్టులో తెగనివన్నీ ఈడ తెగతాయి."

మా వైపు గుళ్ళో దీపం ఆర్పుతారు, పసిబిడ్డల మీద ఒట్టు వేస్తారు, మర్నాడు మాట మారుస్తారు. ఈ పద్ధతి నాకు నచ్చింది. అంత నచ్చినా, ఆయన కొబ్బరికాయకు చెప్పిన ధర కూడా ప్రమాణం మీదేనా అని అడగకుండా ఉండలేకపోయాను. ఆయన పెద్దగా నవ్వి పావలా తగ్గించాడు.

కమాన్ల పని ఎవరు బాగా చేస్తారని అడిగితే చిత్తూరులో గోవిందాచారి పేరు చెప్పాడు.

"ఆయన మీకేమవుతాడు?" అన్నాను.

"ఏమీ గాడు. మా అన్న బండికి కమాన్లు కొట్టినాడు. పదేండ్లయింది, ఇంగా ఇరగలేదు."

చిత్తూరు

చిత్తూరులో తెలుగు ఎక్కడ ఆగుతుందో, అరవం ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియలేదు. ధర తెలుగులో చెబుతారు, పక్కవాడితో అరవంలో ఏదో అంటారు. ఆ రెండో మాట నా గురించేనని ప్రతిసారీ అనిపించింది.

గోవిందాచారి కొలిమి ఊరి చివర ఉంది. అరవై ఏళ్ళ సన్నటి మనిషి, చేతుల మీద కాలిన మచ్చలు. మొదట బండిని చూడలేదు. తొట్టి దగ్గరికి వెళ్ళి, ఒక అంటు ఆకును రెండు వేళ్ళతో పైకెత్తి, అంటు కట్టిన చోట చూశాడు. మెకానిక్కుకు మొక్కలతో ఏం పనని నాకు ఒళ్ళు మండింది.

"ఈ జాగాలో ఇరగతాదా?" అని అడిగాడు.

"అవును."

"అయితే పట్టీలు ఎక్కించకూడదు. ఎక్కిస్తే బండి బతుకతాది, సెట్టు సస్తాది. ఉండే పట్టీలనే కాల్చి వంపు తెప్పిస్తా. కిందపక్క సన్నంగా పొడుగ్గా ఒక పట్టీ, రవ్వంత సందిచ్చి యేస్తా. బండి మామూలుగా పొయ్యేటప్పుడు దానికి పని లేదు. బరువు దిగినప్పుడు మాత్రం అది పట్టుకుంటాది. పట్టీల మధ్యన గ్రీసు పూస్తా, మెత్తగా కదలతాయి. తొట్టిలో కుండీలు ఇరుసుకు ముందరికి జరుపు. వెనక తోక బరువు తగ్గతాది."

నాలుగు రోజుల్లో నేను విన్న మొదటి తెలివైన మాట అది. తెలివైనవాణ్ణి చూస్తే నాకు అనుమానం రెండింతలవుతుంది. పైగా పట్టీలు కాల్చి, నూనెలో ముంచి, రాత్రంతా ఆరనివ్వాలట. మర్నాడు పొద్దున బిగిస్తానన్నాడు. కొలిమి వెనక పాత పట్టీల గుట్ట ఒకటుంది, అన్నీ ఒకే రంగు, ఒకే తుప్పు. నా మిలిటరీ ఉక్కు తీసుకుని ఆ గుట్టలోంచి నాలుగు ముక్కలు బిగిస్తే నేనేం చెయ్యగలను?

మధ్యాహ్నానికి నా పట్టీలన్నీ వంపు తిరిగి గోడకు ఆనుకుని చల్లారుతున్నాయి. ఆచారి భోజనానికి ఇంటికి వెళ్ళాడు. నాకు ఒక అలవాటుంది. నేను అమ్మే ప్రతి మొక్క కుండీ అంచు మీదా కత్తితో గాటు పెడతాను, దారిలో కూలీలు మార్చకుండా. ఆయన బల్ల మీదే ఆకురాయి ఉంది. ఇనుమును అరగదీసే ఆ ఆకురాయితో ప్రతి పట్టీకీ నడిమి బోల్టు రంధ్రానికి నాలుగు వేళ్ళ దూరంలో, పై అంచున, గోరు పట్టేటంత గాటు పెట్టాను. ఉక్కు గట్టిదే, చెమటలు పట్టాయి. అయినా ఆయన వచ్చేలోపు అన్నీ ముగించి, ఏమీ ఎరగనట్టు మొక్కలకు నీళ్ళు చల్లుతూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున బిగిస్తుంటే పక్కనే కూర్చుని వేలితో తడిమాను. అన్ని గాట్లూ ఉన్నాయి. ఈ ప్రయాణంలో మొదటిసారి నా ప్రాణం కుదుటపడింది. బండి ఎక్కి పదడుగులు పోగానే తేడా తెలిసింది. గతుకు వచ్చినా తొట్టి ఉయ్యాలలా దిగి లేచింది, ఆకులు మాత్రం కదిలాయి. మనసులో ఆచారిని మెచ్చుకున్నాను. నా కళ్ళెదుట ఉండబట్టే సరిగ్గా చేశాడని కూడా అనుకున్నాను.

గట్టు దారి

పలమనేరు రోడ్డు వదిలాక నాయుడి తోటకు ఆరు మైళ్ళు. దారి అనడానికి లేదు, బండరాళ్ళ మధ్య బండ్లు పోయిన జాడ. ఐదు మైళ్ళు బండి పువ్వులా నడిచింది. తోట కనిపిస్తోంది. వంక అనే చిన్న వాగు దాటి ఒడ్డు ఎక్కుతుండగా తుపాకీ పేలినట్టు చప్పుడైంది. జీపు ఎడమ పక్కకు కూలబడింది. తొట్టిలో కుండీలన్నీ ఆ పక్కకు దొర్లాయి.

నేను దిగి చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్ళల్లోంచి పోవడం లేదు. ఎడమ కమానులో అన్నిటికీ పైనుండే పెద్ద పట్టీ రెండు ముక్కలైంది. తొమ్మిది మొక్కలకు అంటు దగ్గర తల తెగి, రెమ్మలు మట్టిలో పడి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

చప్పుడు విని మునస్వామి నాయుడు, ఆయన తల్లి చెంగమ్మ, పొలాల్లో ఉన్న పదిమంది పరుగెత్తుకొచ్చారు. బతికిన పదిహేనింటినీ, తలలు పోయిన తొమ్మిది కుండీలనూ దించి, రెండు విడతలుగా ఒక్కొక్కరు ఒక్కోటి బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తోటవైపు నడిచారు. వాళ్ళలో ఎవరు ఎటు పోతారోనని ఆ ఏడుపులో కూడా లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. అందరూ తోటకే పోయారు.

"పాత పట్టీ బిగించాడు, దొంగముండాకొడుకు. నా ఇల్లు కూల్చాడు" అని ఆచారిని వాళ్ళందరి ముందూ తిట్టాను.

"గోవిందాచారి అట్ల సెయ్యడే" అన్నాడు నాయుడు మెల్లగా.

నేను వినలేదు. చెంగమ్మ రాగి సంగటి ముద్ద, వాళ్ళు ఊరుబిండి అనే వేరుశెనగ పచ్చడి తెచ్చి తినమంది. ముద్ద ముట్టకుండా విరిగిన ముక్కను విప్పించి, గోనెసంచిలో వేసుకుని చిత్తూరు బస్సెక్కాను.

మళ్ళీ చిత్తూరు

కొలిమి దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. నాకూ అదే కావాలి. సంచి విదిలించి ముక్క ఆయన కాళ్ళ ముందు పడేశాను.

"నా మొక్కల్ని చంపావు. పాత పట్టీ పెట్టలేదని కాణిపాకంలో మునిగి చెప్పు. రా, ఇప్పుడే పోదాం."

ఆచారి కిందికి వంగాడు. ముక్క తీసుకుని గుడ్డతో గ్రీసు తుడిచి, విరిగిన ముఖాన్ని ఎండకు తిప్పాడు.

"పాత పగులైతే తుప్పు ఉంటాది. ఈడ లేదు, అంతా కొత్తగా తెల్లగా ఉండాది. పగులు ఈ మూల నుంచి బయలుదేరింది సూడు" అంటూ బొటనవేలు పోనిచ్చి అంచు దగ్గర ఆపాడు. నా గాటులో సగం అక్కడే మెరుస్తోంది. "ఈ ఆకురాయి గాటు యాడిది?"

నా చూపు బల్ల మీదున్న ఆకురాయి మీదికి పోయింది.

"పోదాం పా కాణిపాకం" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "ఇద్దరమూ మునుగుదాం. పాత పట్టీ పెట్టలేదని నేను సెప్తా. ఈ గాటు నాది గాదని నువ్వు సెప్పు."

అందరూ నన్నే చూస్తున్నారు. "నాదే" అన్నాను. "మీరు మారుస్తారేమోనని గుర్తు పెట్టుకున్నాను. మా పనిలో గాటు పెడితేనే కొత్త చెట్టు పుడుతుంది. ఇనుముకు గాటు ఇంత పని చేస్తుందని నాకు తెలియదు."

"బరువు మోసే పట్టీకి గాటు పడితే ఆడనుంచే సావడం మొదలుపెడతాది." ఆయన గాటును మళ్ళీ తడిమాడు. "గ్రీసు పూసేటప్పుడు నా యేలికి తగలాల్సింది. తగల్లేదు. ఆ మేరకు తప్పు నాది."

తిట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. ఆ మాట ఓర్చుకోలేకపోయాను.

కొత్త పట్టీ తీసి, తక్కిన పట్టీల గాట్లు నున్నగా అరగదీసే సరంజామా కూడా సంచిలో వేసుకుంటూ ఆయన అడిగాడు, "ఇరిగిన రెమ్మలు యాడుండాయి?"

"అక్కడే, దారిలో పడి ఉన్నాయి."

"అంట్లు కట్టేవోడివి గదప్పా. మళ్లీ కట్టకూడదా?"

ముప్పై ఏళ్ళుగా కత్తి పట్టినవాణ్ణి. రెమ్మ విరిగిన గంటలోనే కట్టాలని పిల్లలకు కూడా చెప్పేవాణ్ణి. ఆ పొద్దున నా కత్తి నడుములోనే ఉంది, తలలు పోయిన వేరుమొక్కలు ఎదురుగానే ఉన్నాయి. నేను మాత్రం కొట్లాటకు బస్సెక్కాను. ఐదారు గంటలు దాటింది, ఎండలో పడిన లేత రెమ్మ ఏమవుతుందో నాకు తెలియనిదా?

నాయుడి తోట

తిరుగు బస్సులో ఆచారి కునికిపాట్లు పడ్డాడు. నేను మాత్రం ప్రతి మేకల మందనూ శత్రువులా చూస్తూ కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా తోట చేరాం. వంక ఒడ్డున ఒక్క రెమ్మ లేదు.

"ఎవరు తీసుకుపోయారు?" అన్నాను, అప్పుడు కూడా.

చెంగమ్మ పంచలోకి వెళ్ళి నీళ్ళ కుండల వెనక నుంచి అరటిదొప్పలో చుట్టిన తడి పంచెముక్క తెచ్చింది. అందులో తొమ్మిది రెమ్మలూ ఉన్నాయి.

"నువ్వు పడేసి పోతివి. పనికొస్తాయో రావో నాకేం తెలుసు, వాడిపోతాయని తడిగుడ్డ సుట్టినా" అంది.

నేను నాయుడి వైపు తిరిగి, పొద్దున ఆచారిని తిట్టినప్పుడు విన్నవాళ్ళను పిలవమన్నాను. వచ్చినవాళ్ళ ముందు గాటు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. నాయుడు తల గోక్కుని అడిగాడు, "అయితే నన్ను గూడా నమ్మకుండానే తెచ్చినారా ఈ మొక్కల్ని?"

"నమ్మి తేలేదు. వేరే దారి లేక తెచ్చాను."

"సరే పోనీండి. పొద్దు పోతా ఉండాది, కత్తి తీండి" అన్నాడాయన.

నా పనిలో ఇంతవరకూ ఇంకో చెయ్యి పడనివ్వలేదు. ఆ సాయంత్రం నేనే సాయం పట్టమన్నాను. ఆచారి కాలిన మచ్చల చేతులతో వేరుమొక్కను కదలకుండా పట్టుకున్నాడు, నాయుడు అరటినార అందించాడు, నేను కోసి కట్టాను. వెలుతురు పోయేలోపు తొమ్మిదీ అయ్యాయి. ఆ తరువాత చెంగమ్మ సంగటి పెట్టింది; దాన్ని నమలకుండా మింగాలట, అది చేతకాక నమిలాను, అందరూ నవ్వారు.

మర్నాడు ఆచారి కొత్త పట్టీ బిగించాక ఇంటికి వచ్చాను. రెండు నెలలకు నాయుడి ఉత్తరం వచ్చింది. పదిహేనూ బాగున్నాయట. మళ్ళీ కట్టిన వాటిలో నాలుగు చిగురేశాయి, అయిదు పోయాయి. ఆ అయిదూ ఏమయ్యాయని మా ఆవిడ అడిగింది. దారి బాగాలేదని చెప్పవచ్చు, బరువు ఎక్కువైందని చెప్పవచ్చు. ఆకురాయి పట్టుకున్న చెయ్యి నాదేనని చెప్పాను.